లోపలి మూలను వెతుక్కుంటూ జూరా కొండల్లో

మొదటి రోజు, మంగళవారం: జెనీవా

స్కెలిటన్ వాచీలో డయల్ దాదాపు ఉండదు. ముళ్ల వెనక తిరిగే పళ్ల చక్రాలు, వాటిని తిప్పే మెయిన్ స్ప్రింగ్, అటూ ఇటూ ఊగుతూ టైముకి లెక్క కట్టే బ్యాలెన్స్ వీల్, వాటన్నిటినీ పట్టి ఉంచే ప్లేటు, బ్రిడ్జిలు నేరుగా కనిపిస్తాయి. ప్లేటులోంచి, బ్రిడ్జిల్లోంచి అక్కర్లేని లోహమంతా కోసేసి, యంత్రం నిలబడడానికి కావలసినంతే ఉంచుతారు. పేరున్న పనివాళ్ల చేతి మీదుగా వచ్చిన అలాంటి వాచీ ధరకి మన దగ్గర ఇల్లు కొనుక్కోవచ్చు. నేను హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో, అంటే ఫ్యాక్టరీలకి అచ్చులు, పనిముట్లు చేసే చోట, చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. కరెంటు పారే సన్నటి తీగతో లోహాన్ని కోసే వైర్‌కట్ మెషీన్ మీద గట్టి స్టీలులోంచి కూడా కావలసిన ఆకారం కోసి తీసినవాణ్ణి. కోయడమే గొప్పయితే ఆ పని మేమూ చేస్తున్నాం, మరి అంత ధర దేనికి? అది తేల్చుకుందామనే అక్టోబర్‌లో స్విట్జర్లాండ్ వచ్చాను.

మా అన్నయ్య కొడుకు లోజాన్‌లోని ఇపిఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. సూక్ష్మ యంత్రాలే వాడి సబ్జెక్టు. ఫ్రెంచ్ ధారాళంగా మాట్లాడతాడు. వాడు తోడు ఉండబట్టే ఈ యాత్రలో నోరు తెరిచి నాలుగు ప్రశ్నలు అడగగలిగాను.

పొద్దున సామాను హోటల్లో పడేసి సెయింట్ జెర్వే పేటలో నడిచాం. రోన్ నది కుడి ఒడ్డున ఉన్న ఈ పేట ఒకప్పుడు గడియారాల పనివాళ్లది. 16వ శతాబ్దంలో మతసంస్కర్త జాన్ కాల్విన్ మాట ఇక్కడ శాసనంగా చెల్లిన రోజుల్లో నగల ఆడంబరం మీద ఆంక్షలు పడ్డాయి. కంసాలి పని తెలిసిన చేతులు గడియారాల వైపు మళ్లాయి. ఫ్రాన్స్‌లో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లలో గడియారాల పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. 1601 నాటికే జెనీవాలో వాళ్లకి సొంత సంఘం ఏర్పడింది. పాత ఇళ్ల పై అంతస్తుల్లో, కప్పు కింద, పగటి వెలుగు బాగా పడే చిన్న గదుల్లో పనిచేసేవాళ్లు. ఆ గదుల పేరు మీదే వాళ్లని కాబినోతియెలు అనేవారు. ఇప్పుడు వీధిలో దుకాణాలు, ట్రాములు, హడావుడి. తలెత్తి చూస్తేనే ఆ కిటికీల వరస ఇంకా కనిపిస్తుంది.

మధ్యాహ్నం ప్లేన్‌పలే దగ్గర పాటెక్ ఫిలిప్ అనే గడియారాల సంస్థ మ్యూజియంకి వెళ్లాం. మామూలు రోజుల్లో రెండింటికి గాని తలుపులు తియ్యరు. ఫొటోలు తీయనివ్వరు. ఒకందుకు అదే మంచిదైంది, కళ్లతోనే చూశాను. కింది అంతస్తులో పాత పనిబల్లలు, కాలితో తిప్పే లేతులు, పళ్లు కోసే యంత్రాలు వరసగా పెట్టారు. టూల్‌రూము మనిషికి అక్కడే కాళ్లు ఆగిపోతాయి. పైన 16వ శతాబ్దం నుంచి వచ్చిన గడియారాలు. ఆ సంస్థ 150 ఏళ్ల పండగకి 1989లో చేసిన క్యాలిబర్ 89 అనే జేబు గడియారం అక్కడే ఉంది. అందులో 1,728 భాగాలు. జనమంతా దాని చుట్టూ మూగారు.

నన్ను పట్టుకున్నవి మాత్రం 18వ శతాబ్దపు జేబు గడియారాలు. వాటిలో మొదట్లో రెండు నిండు ప్లేట్ల మధ్య చక్రాలు ఇరుక్కుని ఉండేవి. ప్లేటు తీస్తే గాని లోపల ఏముందో తెలియదు. 1760 ప్రాంతంలో పారిస్‌లో ఆంద్రే షార్ల్ కారోన్ అనే ఆయన లోపలి యంత్రం కనిపించేలా లోహం కోసి చూపించాడని, స్కెలిటన్‌కి అదే నాంది అని చెబుతారు. ఆయన అల్లుడు జాన్ ఆంత్వాన్ లెపీన్ అదే దశకంలో పై ప్లేటు మొత్తాన్నీ తీసేసి, ఒక్కో చక్రానికీ విడిగా సన్నటి బ్రిడ్జి పెట్టాడు. గడియారం పలచబడింది, మరమ్మతు తేలికైంది. నా దృష్టిలో స్కెలిటన్‌కి అసలు దారి వేసింది లెపీనే. బ్రిడ్జిలు విడివిడిగా ఉంటేనే కదా ఒక్కోదాన్నీ చెక్కడానికి చోటు దొరికేది.

రెండో రోజు, బుధవారం: లె బ్రాస్యు

జెనీవా నుంచి లోజాన్, అక్కడ రైలు మారితే వాలే ద జూ అనే లోయ. లె డే దాటాక రైలు కొండెక్కుతుంది. లె పోన్ దగ్గర ఒక్కసారిగా సరస్సు కనిపిస్తుంది. లోయ సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. చలి బాగా ముదిరిన ఏడాది ఈ సరస్సు గడ్డకడితే జనం దాని మీద స్కేటింగ్ చేస్తారు. మేం వెళ్లినప్పుడు ఆవులు ఇంకా మెడ గంటలతో గడ్డిమైదానాల్లోనే ఉన్నాయి. దూరంగా రిజూ అడవి, అంతా స్ప్రూస్ చెట్లు. ఆ చెట్టు కలప వయొలిన్లకి వాడతారు, బెరడు పట్టీని వాష్రాన్ మోందోర్ అనే మెత్తటి చీజ్ చుట్టూ కడతారు. అది శరదృతువు నుంచే దొరుకుతుంది. మధ్యాహ్నం వేడి చేసి బంగాళాదుంపలతో పెట్టారు. ఈ లోయకి ఎవరు వెళ్లినా తినకుండా రాకూడదు.

మంచు పడ్డ నెలల్లో పొలం పని ఉండేది కాదు. ఆ తీరికలో రైతులు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని గడియారం భాగాలు చేసి, వసంతం రాగానే జెనీవా వ్యాపారులకి అమ్మేవారు. 1833లో ఆంత్వాన్ లెకూల్ట్ర్ లె సాంతియెలో కార్ఖానా పెట్టాడు. 1844లో ఆయనే మైక్రాన్‌ని కొలవగల పరికరం తయారు చేశాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బాలానగర్‌లో మైక్రోమీటర్ పట్టుకుని బతికిన నాకు ఆ సంవత్సరం చదవగానే ఒళ్లు జలదరించింది.

ఓడెమార్ పిగె అనే గడియారాల సంస్థ 1875లో పుట్టింది ఈ లె బ్రాస్యులోనే. పాత ఇంటిని ఆనుకుని 2020లో తెరిచిన కొత్త మ్యూజియం గడ్డినేలలోంచి లేచిన గాజు సుడిలా ఉంటుంది. పైకప్పుని మోసేది స్తంభాలు కాదు, వంపు తిరిగిన గాజు గోడలే. ముందే బుక్ చేసుకుంటేనే రానిస్తారు. లోపల కొందరు పనివాళ్లు నిజంగానే బల్లల ముందు కూర్చుని పనిచేస్తుంటారు.

2016లో వచ్చిన రాయల్ ఓక్ డబుల్ బ్యాలెన్స్ ఓపెన్‌వర్క్‌డ్ అనే వాచీ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒకే ఇరుసు మీద రెండు బ్యాలెన్స్ వీల్స్, వాటిని ఊపే చుట్టల్లాంటి సన్నటి రెండు హెయిర్ స్ప్రింగులు. ఒకదాని ఊపులో వచ్చే చిన్న తేడాని రెండోది సరిచేస్తూ రెండూ కలిసి గంటకి 21,600 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకి ఆరు సార్లు. ప్లేటు కోసి తీసేయడం వల్ల ముందు నుంచీ, వెనక నుంచీ కూడా ఆ కదలిక కనిపిస్తుంది. ఇక్కడ కోత ఒట్టి అలంకారం కాదు. చూపించదగ్గ విషయం ఉంది కాబట్టి కోశారు.

"బాబాయ్, ఈ ప్లేటు మీ వైర్‌కట్ పనే కదా?" అన్నాడు మావాడు.

నిజమే. ఇలాంటి పెద్ద సంస్థల్లో మొదటి కోత ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మెషీన్ మీదో, వైర్‌కట్ మీదో జరుగుతుంది. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. అయితే అంచుల్ని భూతద్దంతో చూశాక మెషీన్ పని ఎక్కడ ఆగిపోయిందో కనిపించింది. ప్రతి అంచునీ 45 డిగ్రీల వాలుకి చెక్కి అద్దంలా మెరిపించారు. దాన్ని ఆంగ్లాజ్ అంటారు. రెండు వాలు అంచులు లోపలి వైపు కలిసే చోట మూల చురుగ్గా, సన్నటి గీతలా ఉంది. వైర్‌కట్ తీగ గుండ్రం, మిల్లింగ్ కట్టర్ గుండ్రం. గుండ్రటి పనిముట్టు లోపలి మూలలోకి వెళ్తే ఎంతో కొంత గుండ్రాన్ని వదిలే వస్తుంది. మా టూల్‌రూములో డైలకి, అంటే అచ్చులకి, లోపలి మూల చురుగ్గా కావాలంటే ఎన్ని తిప్పలు పడేవాళ్లమో నాకు తెలుసు. అక్కడ కనిపించిన మూలలు చేతి పని.

సందర్శకులకి కూడా బ్రష్ గీతలు గీయడం, పెర్లాజ్ అనే గుండ్రటి మచ్చలు వేయడం చిన్న ముక్కల మీద ప్రయత్నించనిస్తారు. మచ్చలన్నీ ఒకే దూరంలో, ఒకదాని మీదికి ఒకటి సరిగ్గా అంతే ఎక్కేలా రావాలి. చూసేవాళ్లకి సులువనిపిస్తుంది గానీ మూడో వరసకే మణికట్టు అలిసిపోతుంది.

మూడో రోజు, గురువారం: లె సాంతియె

పొద్దున ఎస్పాస్ ఓర్లొజే మ్యూజియం చూశాం. లోయ గడియారాల చరిత్ర అంతా అక్కడ ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి మంచిది.

అసలు పని మధ్యాహ్నం. మావాడి ప్రొఫెసర్ పరిచయంతో, ఇంట్లోనే చిన్న వర్క్‌షాప్ నడుపుకుంటున్న ఒక పనిమంతురాలు మమ్మల్ని రమ్మన్నారు. స్కెలిటన్ పని ఆమె ముప్పై ఏళ్లుగా చేస్తున్నారట. ఉత్తరం వైపు కిటికీ, ఛాతీ ఎత్తున బల్ల, ముంజేతులు ఆనించడానికి రెండు చెక్క దిమ్మెలు. చిన్న కర్రపిడి మీద జర్మన్ సిల్వర్ బ్రిడ్జి బిగించి ఉంది. పేరులో సిల్వరే గాని వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది.

ముందు ప్లేటు మీద బొమ్మ గీస్తారు. ఎక్కడ లోహం ఉండి తీరాలో మొదట గుర్తు పెట్టుకుంటారు: చక్రాల ఇరుసులు తిరిగే రూబీ రాళ్లు కూర్చునే రంధ్రాల చుట్టూ, స్క్రూల కింద, బ్రిడ్జి పాదాల దగ్గర. మెయిన్ స్ప్రింగ్ ఉండే డ్రమ్ము దగ్గర బలం ఎక్కువ పడుతుంది, అక్కడ ఆశకి పోతే ప్లేటు వంగుతుంది. వంగితే ఇరుసులు పక్కకి జరుగుతాయి, బ్యాలెన్స్ ఊపు తగ్గుతుంది, వాచీ టైము తప్పుతుంది. అందుకే గీత గీయడమే సగం పని అన్నారామె. గీత అయ్యాక చిన్న రంధ్రం వేసి, రంపపు బ్లేడుని దాని గుండా దూర్చి, మళ్లీ చట్రానికి బిగించి కోస్తారు. ఆ బ్లేడు మందం మిల్లీమీటరులో ఆరో వంతు. గీతని ఆనుకుని బయటికి కోసి, మిగిలింది ఆకురాయితో దింపుతారు.

కరీంనగర్ ఫిలిగ్రీ చూసినవాళ్లకి వెండి తీగని మెలిపెట్టి, అతికి, ఖాళీల చుట్టూ ఆకారం కట్టడం తెలుసు. ఇక్కడ పని దానికి తలకిందులు: నిండు లోహంతో మొదలుపెట్టి ఖాళీని పుట్టించాలి, తప్పు పోతే అతకడానికి లేదు.

తర్వాత అంచులు. ఆమె సన్నటి ఆకురాయి తీసుకుని 45 డిగ్రీల వాలు తీశారు. అంచు పొడవునా ఆ వాలు వెడల్పు ఒక్కలాగే ఉండాలి. తర్వాత సాన కర్రలు, ఒకదాని తర్వాత ఒకటి, గరుకు నుంచి మెత్తటిదాకా. ఆఖర్న ఒక ఎండు కాడ తీశారు. అది జెన్షియన్ మొక్క కాడ. జూరా కొండల గడ్డిమైదానాల్లో పసుపు పూలు పూసే మొక్క, వేరుతో ఇక్కడివాళ్లు సారా కాస్తారు. ఎండిన కాడని పదునుగా చెక్కి, కొనకి వజ్రపు పేస్టు రాసి అంచు మీద రుద్దుతారు. కాడ మెత్తగా ఉంటుంది కాబట్టి లోహం ఆకారం చెడదు, పేస్టుని పట్టి ఉంచుతుంది కాబట్టి మెరుపు వస్తుంది. ఈ లోయలోనే లె సొలియా ఊళ్లో పనిచేసే ఫిలిప్ దుఫూర్ చేసే గడియారాల్లో ఈ తరహా పాలిష్‌ని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది.

లోపలి మూల దగ్గరికి వచ్చేసరికి ఆమె మాట ఆపేశారు. ఒక వైపు వాలు మీద ఆకురాయి మూల దాకా వెళ్లి అక్కడే ఆగాలి. ఒక్క పిసరు ముందుకెళ్లినా ఎదుటి వాలు మీద గీత పడుతుంది. ఆ గీతని తీయాలంటే ఆ వాలుని మొత్తం ఇంకొంచెం దింపాలి. అప్పుడు మొదటి వాలు వెడల్పు సరిపోదు, దాన్నీ దింపాలి. ఇలా దింపుకుంటూ పోతే బ్రిడ్జి చేయి సన్నబడి ముక్క పారేయవలసి వస్తుంది. నాలుగు సార్లు లోపలికి, నాలుగు సార్లు బయటికి, మధ్యమధ్యలో భూతద్దం. చేయి కదలిక అరంగుళం కూడా లేదు. అయిదు నిమిషాల తర్వాత ఆ మూలలో రెండు మెరుపులు కలిసి ఒక గీత కనిపించింది.

"ఈ ఒక్క బ్రిడ్జికి ఎన్ని గంటలు పడుతుందండీ?" అని మావాడి చేత అడిగించాను.

"ముందు మూలలు లెక్కపెట్టండి" అన్నారామె.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అర్థమైంది.

ఇంకోటి కూడా చూపించారు. చిన్న స్టీలు ముక్కని తగరపు పలక మీద వజ్రపు పేస్టుతో రుద్దుతారు. ముక్కని ఒక కోణంలో పట్టుకుంటే నల్లగా, ఇంకో కోణంలో తెల్లగా మెరుస్తుంది, మధ్యలో బూడిద రంగు అనేది ఉండదు. అలా కాకపోతే ఉపరితలం సమంగా లేనట్టే. మేం గ్రైండింగ్ అయ్యాక ఎత్తుపల్లాలు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూసేది ఆమె వెలుతురుతో చూస్తున్నారు.

మామూలు గడియారంలో డయల్ కింద ఉండే వైపుకి ఇంత నిగారింపు పెట్టకపోయినా ఎవరికీ కనిపించదు. స్కెలిటన్‌లో అలా దాచే వైపే లేదు. రంధ్రాల లోపలి గోడలు సైతం ఆమె బ్రష్ గీతలతో సరిచేస్తారు. ధర గురించి నా ప్రశ్నకి ఆ గదిలోనే సమాధానం దొరికింది. కోసి తీసేసిన లోహానికి కాదు, మిగిల్చిన లోహం ప్రతి అంచు మీదా కూర్చున్న గంటలకి ఆ ధర.

నాలుగో రోజు, శుక్రవారం: లా షో ద ఫోన్

పొద్దున్నే బయల్దేరి నూషాతెల్ మీదుగా లా షో ద ఫోన్ చేరాం. దారిలో షాంబ్రెలియాన్ స్టేషన్‌లో రైలు ఆగి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కొండ వాలు మీద అక్కడ దిశ మారితే గాని పైకి ఎక్కలేదు.

1794లో అగ్నిప్రమాదంలో ఈ ఊరు తగలబడ్డాక గళ్ల వరసల్లో మళ్లీ కట్టుకున్నారు. పొడవాటి వీధులు, పనిగదుల్లోకి ఎండ పడేలా ఇళ్ల మధ్య ఖాళీలు, వరసగా కిటికీలు. ఊరంతా గడియారాల పని చుట్టూ అల్లుకుంది. కార్ల్ మార్క్స్ అయితే ఈ ఊరినంతా కలిపి ఒకే గడియారాల కర్మాగారం అన్నాడు. పక్కనున్న లె లోక్ల్‌తో కలిపి 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చండీగఢ్‌కి రూపం ఇచ్చిన లె కార్బూజియే పుట్టింది ఇక్కడే, 1887లో. తండ్రి గడియారాల డయళ్ల మీద ఎనామిల్ వేసేవాడు. కొడుకు కూడా ఇక్కడి కళాశాలలో మొదట నేర్చుకున్నది గడియారాల మూతల మీద చెక్కుడు పనే.

అంతర్జాతీయ గడియారాల మ్యూజియం నేల కింద ఉంది. అక్కడ నేను వెతుక్కున్నది 19వ శతాబ్దపు గడియారాల పనివాడు కోన్‌స్తాన్ జిరార్ ఆలోచన. మూడు బంగారు బ్రిడ్జిలు, బాణాల్లా పక్కపక్కన, కింద టూర్బియోన్, అంటే బ్యాలెన్స్ వీల్‌ని పట్టుకుని తనూ తిరిగే చిన్న పంజరం. 1884లో అమెరికాలో దాని డిజైన్‌కి పేటెంట్ తీసుకున్నాడు, 1889 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. యంత్రాన్ని పట్టి ఉంచే ముక్కలకే అందమైన రూపం ఇవ్వవచ్చని ఆయన అప్పుడే చూపించాడు. ఈ రోజు సంస్థలు మొదటి నుంచే స్కెలిటన్‌గా గీసే వాచీలకి పునాది అక్కడ ఉందని నాకు అనిపించింది. పాత పద్ధతిలో మామూలు మూవ్‌మెంట్, అంటే వాచీ లోపలి యంత్రం, తీసుకుని కోసేవాళ్లు. రెండిట్లో పాత పద్ధతే కష్టం. ఇంకొకరు వేరే అవసరానికి పెట్టిన స్క్రూల మధ్య అందం వెతుక్కోవాలి. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ సంస్థ 1955లో చేసిన క్యాలిబర్ 1003 అనే మూవ్‌మెంట్ మందం 1.64 మిల్లీమీటర్లు. అంత పలచటిదాన్ని కూడా స్కెలిటన్‌గా కోశారంటే ఆ చేతులకి దండం పెట్టాలి.

1969లో జపాన్ సంస్థ సీకో బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ తెచ్చాక ఈ ఊళ్లు అల్లాడిపోయాయి. 1970లో స్విస్ గడియారాల పనిలో దాదాపు 90,000 మంది ఉండేవారు, 1980ల మధ్యకి వచ్చేసరికి అందులో మూడో వంతు మిగిలారు. టైము చూపించడంలో క్వార్ట్జ్‌తో పోటీ పడలేమని తేలాక మెకానికల్ వాచీకి మిగిలింది తన లోపలి పనిని చూపించుకోవడం. అందుకే స్కెలిటన్‌లో ముళ్లు సరిగ్గా కనపడవని విసుక్కునేవాళ్లతో నేను వాదించను. వాళ్లన్నది నిజం. కానీ ఈ వాచీ పెట్టుకునేది టైము కోసం ఒక్కటే కాదు. యాంత్రిక గడియారాల పనితనాన్ని 2020లో యునెస్కో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ రెండు దేశాల తరఫున కలిపి మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. అలా గుర్తించినంత మాత్రాన పని బతకదు, నేర్చుకునే పిల్లలు రావాలి. మ్యూజియంలో అద్దం వెనక పాత గడియారాలు బాగుచేస్తున్నవాళ్లలో ఇరవైల్లో ఉన్న అమ్మాయి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

"మెషీన్ వస్తుంది బాబాయ్. లోపలి మూల కూడా ఏదో ఒక రోజు లేజర్‌తో చేస్తారు" అన్నాడు మావాడు, తిరుగు రైల్లో.

"చెయ్యనీరా. చేస్తే మంచిదే. అప్పుడు అది చేతి పని అని చెప్పి అమ్మకుండా ఉంటే చాలు" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. లోజాన్ వచ్చేదాకా ఆ మాటే నడిచింది.

ఐదో రోజు, శనివారం: మళ్లీ జెనీవా

రాత్రికి విమానం. శనివారం ప్లేన్‌పలే మైదానంలో పాత సామాన్ల సంత ఉంటుంది. దువ్వెనల నుంచి దీపస్తంభాల దాకా ఉన్నాయి. ఒక బల్ల మీద చవక స్కెలిటన్ వాచీలు కూడా ఉన్నాయి, అచ్చు కొట్టి తీసిన ప్లేట్లతో. భూతద్దం పెట్టాను. మూలలన్నీ గుండ్రం, అంచులకి వాలు లేదు, మెరుపంతా పూత. ఆ ధరకి అంతకంటే అడగకూడదు కూడా. చక్రాలు తిరగడం చూసి ఒక పిల్లవాడికి గడియారం మీద ఆసక్తి పుడితే అది ఇచ్చిన డబ్బుకి ఎక్కువే.

పక్క బల్ల మీద ఒక డబ్బాలో పాత గడియారాల విడిభాగాలు కుప్పగా పోశారు. అందులో దొరికింది ఒక కాక్. పాత జేబు గడియారాల్లో బ్యాలెన్స్ వీల్ మీద కప్పే గుండ్రటి, పూలతీగల కోతతో ఉన్న ఇత్తడి బ్రిడ్జి. 18వ శతాబ్దంలో ఇలాంటివి వేలకి వేలు చేత్తో కోసేవారు. స్కెలిటన్ అనే ఆలోచన రాకముందే గడియారంలో ఈ ఒక్క ముక్కకి కోత పని పెట్టడం అలవాటు. తర్వాతి శతాబ్దంలో గడియారాలు కరిగించి, ఈ ముక్కలతో బ్రోచీలు, గొలుసులు చేసుకున్నారు.

పదిహేను ఫ్రాంకులన్నాడు, పన్నెండుకి ఇచ్చాడు. పైవైపు బంగారు పూత, చెక్కుడు, ఆకుల కొసల దగ్గర లోపలి మూలలన్నీ చురుగ్గా ఉన్నాయి. రెండు చోట్ల ఎడమ ఆకు కుడి ఆకంత లేదు. తిప్పి చూస్తే వెనకవైపు ఎవరూ నిగారించలేదు, రంపం వెళ్లిన గీతలు అలాగే ఉన్నాయి. ఒక చోట బ్లేడు గీత దాటి పక్కకి వెళ్లి, మళ్లీ దారిలోకి వచ్చింది. మావాడికి చూపిస్తే వాడు దాన్ని ఫోన్‌తో పెద్దది చేసి ఫొటో తీసుకున్నాడు, ల్యాబులో మైక్రోస్కోప్ కింద పెడదాం, వెళ్లే ముందు ఇచ్చి వెళ్లండి అన్నాడు. ఇవ్వనన్నాను. బాలానగర్‌లో వైర్‌కట్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకి ముందు అది చూపించాలి.